4కె టెలివిజను కొనదగునా?

గత వేసవి సెలవులలో మా విద్యార్థి తండ్రి యొకరు మమ్ము చూడవచ్చిరి. ఆయనది జగిత్యాల ప్రాంతపు పల్లె. పదునాలుగేండ్లుగా దుబాయిలో పనిచేయుచు, రెండేండ్ల కొకమారు రెండు నెలల సెలవుపై ఇంటికి వచ్చుచుందురు. ఇంటివద్ద భార్య బీడీలు చుట్టుచున్నది. కుమార్తె ఇంటరు ముగించి నర్సింగు కళాశాలలో చేరనున్నది. కుమారుడు మా తొమ్మిదవ తరగతి వాడు. తండ్రి తిరిగి విమాన మెక్కులోపల గోడనిండు టెలివిజను కొనితీరవలెనని వాని పట్టు.

"సారూ, గీ ఫోర్కె అంటే ఏంది? మా పోరడు గదే గావాలంటుండు. దుకాణమాయన నెలనెలా కట్టుమంటుండు. కొనుమంటరా, వద్దంటరా?" అని ఆయన యడిగిరి.

మాకు వెంటనే యుత్తరము తోచలేదు. టెలివిజను చదువునకు చేటని ఉపాధ్యాయులు చెప్పు మాట సులభమైనదే గాని, ఆయన యడిగిన దది గాదు. కావున కొలతపట్టీ నొకదానిని సంచిలో వేసికొని మఱునాడు వారింటికే పోయితిమి. అచ్చట కొలిచి, లెక్కకట్టి తెలిసికొన్న సంగతులు తక్కిన తల్లిదండ్రులకును పనికివచ్చునని యిందు వ్రాయుచున్నాము.

తెరపై కనబడు బొమ్మ యంతయు సన్నని చుక్కల కూర్పు. ఈ చుక్కకే పిక్సెలని పేరు. వాకిట ముగ్గు వేయు తల్లులకు దీనిని వివరింపనక్కఱలేదు. చుక్కలు దగ్గఱగా నున్నకొలది వంపు సొగసుగా వచ్చును. పాత దూరదర్శన్ ప్రసారమున బొమ్మ 625 గీతలతో ఏర్పడుచుండెను. అందు కంటికి కనబడు బొమ్మ గీతలు 576 మాత్రమే. తరువాత వచ్చిన హెచ్‌డి తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గలవు. అనగా ఇరువది లక్షలకు పైబడినవి. 4కె తెరలో అడ్డముగా 3840, నిలువుగా 2160, మొత్తము 82,94,400. అడ్డపు వరుసలో నించుమించు నాలుగువేల చుక్కలుండుటచేత 4కె యను పేరు వచ్చినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య 2012లో దీనికిని, దీనికి నాలుగు రెట్లు చుక్కలు గల 8కెకును ప్రమాణములను నిర్ణయించినది. హెచ్‌డి కంటె చుక్కలు నాలుగు రెట్లు గదా యని స్పష్టతయు నాలుగు రెట్లగునని దుకాణదారు చెప్పును. ఒక్కొక్క దిక్కున పెరిగినది రెట్టింపు మాత్రమే.

ఇక కన్నునకును ఒక హద్దు గలదు. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అఱువదియవ పాలు కోణము వఱకు రెండు చుక్కలను వేఱుగా గుర్తించును. అంతకంటె దగ్గఱగా నున్నవి కలిసిపోయి యొకటిగా తోచును. ఎనిమిదవ తరగతి జ్యామితి తెలిసినవారెవరైనను ఈ లెక్క చేయవచ్చును. 43 అంగుళముల హెచ్‌డి తెరయొక్క చుక్కలు అయిదున్నర అడుగుల దూరమునకే కలిసిపోవును. 55 అంగుళముల తెరకు ఆ దూరము ఏడడుగులు. 65 అంగుళముల దానికి ఎనిమిదిన్నర. ఆ హద్దు దాటి వెనుక కూర్చున్నవారికి హెచ్‌డి యైనను 4కె యైనను చుక్కల విషయమున భేదము కానరాదు.

వారింట మంచమునుండి గోడవఱకు కొలువగా ఎనిమిదిన్నర అడుగులు వచ్చినది. 4కె ఫలమును ఆ మంచముమీద కూర్చుండి పొందవలెనన్న తెర 65 అంగుళములకు మించవలెను. అంతటి తెర వెడల్పు నాలుగడుగుల తొమ్మిదంగుళములు. ఆ గోడకు దానిని బిగించినచో కిటికీ సగము మూతపడును. ఈ మాట విని తల్లి "గాలి రాకుంటెట్ల సారూ?" అనిరి. మా లెక్కలన్నిటికంటె ఆ ప్రశ్నయే ఆ యింట నెక్కువ పనిచేసినది.

మఱి దుకాణమున అది యంత యద్భుతముగా కనబడుట యేల? అచ్చట మనము రెండడుగుల దూరమున నిలుచుందుము. తెరను మిక్కిలి ప్రకాశముగా పెట్టి, దానికొఱకే తీసిన పూలు, పక్షులు, సముద్రముల చిత్రములను చూపుదురు. ఇంట మనము చూచునది వేఱు. తెలుగు వినోద చానళ్లు కొన్ని హెచ్‌డిలో వచ్చుచున్నవి. వార్తల చానళ్లు పెక్కు పాత ప్రమాణముననే యున్నవి. పాత ప్రమాణపు బొమ్మను 4కె తెరపై పెట్టినప్పుడు ఒక్కొక్క చుక్కను ఇరువది చుక్కలకు పంచవలసియుండును. లోటును యంత్రము ఊహించి పూరించును. చిన్న తెరలో దాగియుండిన మసక పెద్ద తెరలో బయటపడును. నిజమైన 4కె చిత్రములు విశేషముగా ఇంటర్నెట్టు ద్వారానే లభించుచున్నవి. అందులకు సెకనుకు పదునైదు మెగాబిట్ల వేగము నిలుకడగా నుండవలెను. గంటకు ఏడు గిగాబైట్ల వఱకు డేటా వ్యయమగును. కరీంనగరు పట్టణమున నిది సమకూరును గాని, ఊట్నూరు, జైనూరు కొండలలోని గూడెములనుండి వచ్చు మా పిల్లలయింట ఫోనుమాట నిలుచుటయే కష్టము. 8కె మాట యెత్తనక్కఱయే లేదు. జపానులో 2018 డిసెంబరు 1వ తేదీన దాని ప్రసారము మొదలైనది; మన దేశమున అట్టి ప్రసారమే లేదు.

ఇది వ్రాయుచుండగా 1987వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చుచున్నది. మా వీధికంతటికి నొక్కటే నలుపు తెలుపుల పెట్టె. ఒకడు మిద్దెపై యాంటెనా త్రిప్పుచుండ, క్రింద నలువదిమంది "వచ్చింది, వచ్చింది! అయ్యో, పోయింది!" అని కేకలు వేయుచుంటిమి. తెరపై కురియు తెల్లని చుక్కలను మంచు అనెడివారము. వానిని గూర్చి ఎవరును నొచ్చుకొన్నట్లు గుర్తులేదు.

అట్లని 4కెలో మేలు లేదనుట న్యాయము గాదు. దగ్గఱ కూర్చుండి చదువువారికి దాని గుణము స్పష్టము. మన తెలుగు లిపిలో వత్తులు, గుణింతపు గుర్తులు మిక్కిలి సన్ననివి. పాత తెరపై ప్రకారపు వత్తు, యకారపు వత్తు కలగలిసిపోవుట మా తరగతిలోనే చూచియున్నాము. గోదావరి, ప్రాణహితల పటమును 4కె తెరపై చూపినప్పుడు ముందు బల్లల పిల్లలు ఉపనదుల పేర్లను లేచి రాకుండనే చదివిరి. వెనుక బల్లలవారికి తెర పెద్దదగుటయే మేలైనది, చుక్కలు గావు. మఱియొక సంగతి: వెలుగునీడల అంతరమును విస్తరించు హెచ్‌డిఆర్ అను గుణము మంచి పెట్టెలలో గలదు. అది ఏ దూరమునుండి యైనను కంటికి తెలియును. అయితే చౌక పెట్టెలపై ఆ పేరు ముద్రించియున్నను, తెరకు తగిన ప్రకాశము లేనిచో ఫలము స్వల్పము. చుక్కల లెక్క అడుగువారు తఱచుగా దీనిని మఱతురు.

ఖర్చు కొన్ననాటితో ముగియదు. 32 అంగుళములకు మించిన టెలివిజనులపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినమాట నిజమే. కాని, 120 వాట్ల తెర దినమున కయిదు గంటలు నడచిన నెలకు 18 యూనిట్ల విద్యుత్తగును. తెర పగిలిన దానిని మార్చుట కొత్తది కొన్నంత పని. మా యింట నొక జూను సాయంకాలము పిడుగు పడి మూడేండ్ల పెట్టె చెడిపోగా, బాగుచేయువారు చెప్పిన వెల విని దానిని మూలబెట్టితిమి. వడ్డీ లేని వాయిదాలని చెప్పినచోట రొక్కమునకెంత తగ్గింతురో ముందుగా నడుగవలెను. ఆ తగ్గింపును పోగొట్టుకొనుటయే వడ్డీ. ఇక గల్ఫునుండి పెట్టెను వెంట తెచ్చుకొనుట యొకప్పుడు మన జిల్లాలలో గొప్ప. 2013 ఆగష్టు 26 నుండి అట్లు తెచ్చు చదును తెరలపై సుంకము విధించుటతో ఆ లాభము పోయినది.

తుదకు ఆ తండ్రి 43 అంగుళముల పెట్టెను రొక్కమునకు కొనిరి. అది 4కెయే. ఆ పరిమాణమున హెచ్‌డి రకములు దుకాణమున ఒకటి రెండే యుండెను, ధరలో భేదమును స్వల్పమే. కావున మేమును అడ్డుచెప్పలేదు. పెద్ద తెరకు నెలనెలా కట్టదలచిన సొమ్ము కుమార్తె హాస్టలు రుసుమునకు మఱలినది. ఆయన దుబాయికి వెళ్లిపోయిరి. కుమారుడు మా కొలతపట్టీ నడిగి తీసికొని, తెరకు మూడడుగుల దూరమున చాప వేసికొని కూర్చుండి, చుక్కలు కనబడుటలేదని యింకను ముందుకు జరుగుచున్నాడట. పట్టీ యింకను మాకు తిరిగి రాలేదు.