ఎలక్ట్రిక్ సైకిల్‌కు రెండో బ్యాటరీ: కలిపే ముందు వోల్టేజీ చూడాలి

ఒకసారి ఛార్జ్ చేస్తే 40 కిలోమీటర్లు వెళ్లే ఎలక్ట్రిక్ సైకిల్‌కు అలాంటిదే ఇంకో బ్యాటరీ పెడితే 80 కిలోమీటర్లు వెళ్తుందా? దాదాపుగా వెళ్తుంది. అయితే రెండు బ్యాటరీలను ఎలా కలిపారు, కలిపేటప్పుడు వాటిలో ఛార్జ్ ఎంత ఉంది అన్నది చాలా ముఖ్యం. అక్కడ పొరపాటు జరిగితే మంటలు కూడా రావచ్చు.

దూరం ఎలా పెరుగుతుంది?

బ్యాటరీలోని శక్తిని వాట్-అవర్లలో కొలుస్తారు. 48 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 480 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. కిలోమీటరుకు 12 వాట్-అవర్లు ఖర్చయితే 40 కిలోమీటర్లు వెళ్లవచ్చు. రెండో బ్యాటరీతో శక్తి 960 వాట్-అవర్లు అవుతుంది. పెరిగే బరువు మూడు, నాలుగు కిలోలే. మనిషి, సైకిల్ కలిసి వంద కిలోలున్నప్పుడు ఇది పెద్ద భారం కాదు.

మరో లాభమూ ఉంది. మోటారుకు 10 ఆంపియర్ల కరెంటు కావాలంటే ఒక్కో బ్యాటరీ 5 ఆంపియర్లు ఇస్తే చాలు. బ్యాటరీలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటు సగమైతే ఒక్కో బ్యాటరీలో వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఇందుకోసం ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు సమాంతరంగా కలపాలి. ఒకదాని వెనుక ఒకటి శ్రేణిలో కలిపితే వోల్టేజీ రెట్టింపై కంట్రోలర్ కాలిపోతుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

48 వోల్టుల బ్యాటరీలో సాధారణంగా 13 లిథియం అయాన్ సెల్స్ వరుసగా ఉంటాయి. పూర్తి ఛార్జ్‌లో ఒక్కో సెల్ 4.2 వోల్టులు, మొత్తం 54.6 వోల్టులు. ఛార్జ్ బాగా తగ్గిన బ్యాటరీ 42 వోల్టుల దగ్గర ఉండొచ్చు. ఈ రెండింటినీ నేరుగా కలిపితే ఏమవుతుంది?

ఒకటి నిండుగా, మరొకటి అడుగంటి ఉన్న రెండు నీళ్ల ట్యాంకులను లావుపాటి గొట్టంతో కలిపినట్టే అవుతుంది. వోల్టేజీ తేడా 12.6. బ్యాటరీలు, వైర్ల మొత్తం నిరోధం 0.2 ఓమ్ అనుకుంటే, ఓమ్ సూత్రం ప్రకారం 63 ఆంపియర్ల కరెంటు నిండు బ్యాటరీ నుంచి ఖాళీ బ్యాటరీలోకి దూసుకెళ్తుంది. మామూలు ఛార్జర్ ఇచ్చేది 2 నుంచి 5 ఆంపియర్లే. కనెక్టర్ దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, వైర్లు వేడెక్కుతాయి, సెల్స్ దెబ్బతింటాయి. లోపలి రక్షణ సర్క్యూట్ అయిన బీఎంఎస్ ప్రతిసారీ దీన్ని ఆపుతుందనుకోలేం. కొన్ని రకాల బీఎంఎస్‌లు ఛార్జింగ్ సాకెట్ గుండా వచ్చే కరెంటునే అదుపు చేస్తాయి, మోటారు వైరు గుండా వెనక్కి వచ్చేదాన్ని కాదు.

సురక్షితమైన దారులు

అన్నిటికన్నా తేలిక మార్గం ఒక బ్యాటరీ అయిపోయాక, సైకిల్ ఆపి, రెండోదానికి మార్చుకోవడం. అప్పుడు రెండూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవవు.

రెండోది, ఒక్కో బ్యాటరీ దారిలో డయోడ్ పెట్టడం. డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుంది కాబట్టి, ఎక్కువ వోల్టేజీ ఉన్న బ్యాటరీ ముందుగా మోటారుకు కరెంటు ఇస్తుంది. రెండూ సమానమయ్యాక కలిసి పనిచేస్తాయి. డయోడ్ కొంత వేడెక్కుతుంది కనుక దాన్ని చల్లబరిచే ఏర్పాటు ఉండాలి.

మూడోది, తయారీ సంస్థే ఇచ్చే రెండు బ్యాటరీల వ్యవస్థ. ఇందులో ఏ బ్యాటరీ నుంచి ఎంత తీసుకోవాలో ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది.

ఏ దారి ఎంచుకున్నా సెల్స్ రసాయనం, వోల్టేజీ ఒకేలా ఉండాలి. పాత బ్యాటరీకి కొత్తది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు మరో రకం కలపకూడదు. దేనికి తగ్గ ఛార్జర్‌తో దాన్నే ఛార్జ్ చేయాలి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది మరణించారు. అలాంటి బ్యాటరీలను మనం ఇంట్లో, మెట్ల కింద ఛార్జ్ చేస్తాం. కాబట్టి రెండు బ్యాటరీలను కలిపే ముందు మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజీ కొలవండి. తేడా కనిపిస్తే కలపకండి.