కాంటనీసువారి కరసంజ్ఞలు

హాంగ్‌కాంగ్, గ్వాంగ్‌జౌ నగరముల తేనీటిశాలలలో ఉదయవేళ బంధుమిత్రులు బల్లచుట్టును గూర్చుండి ముచ్చటించుచుండగా, ఒకరు తేనీటిపాత్రను చేతబట్టి ప్రక్కవారి గిన్నెలను నింపుచు వచ్చునపుడు, ఆ ప్రక్కవారు చూపుడువ్రేలిని నడిమివ్రేలిని ఇంచుక వంచి బల్లపై మెల్లగా తట్టుదురు. నడుచుచున్న సంభాషణము ఆగదు, నోటిలోని కబళమునకు భంగము రాదు, కృతజ్ఞత మాత్రము చేరవలసినవారికి చేరును. చియెన్‌లుంగ్ అను చీనా చక్రవర్తి మారువేషమున దేశాటనము సేయుచు స్వహస్తముతో పరివారమునకు తేనీరు పోసెననియు, సాగిలపడి మ్రొక్కినచో ప్రభువు గుట్టు బయల్పడునని వారు వంచిన వ్రేళ్లతోనే ప్రణామము గావించిరనియు ఒక కథ కలదు. ఇది ఐతిహ్యమే గాని చరిత్రచే ధ్రువపడినది కాదు. అయినను ఆ వ్రేళ్ల వంపులో మోకరిల్లిన మనుష్యుని ఆకృతి గోచరించుట మాత్రము నిజము. పాత్రలో నీరు నిండుకొన్నచో మూత తీసి వాల్చి యుంచుదురు. పిలువకయే పనివాడు వచ్చి వేడినీరు పోయును.

మాటలాడునపుడు అప్రయత్నముగా కదలాడు చేతులు వేరు, ఇట్టి సంజ్ఞలు వేరు. పుట్టంధులు సైతము, తోడి అంధులతో మాటాడునపుడు కూడ, చేతులాడింతురని ఐవర్సన్, గోల్డిన్-మెడో అను మనశ్శాస్త్రవేత్తలు 1998లో ప్రకటించిరి. కావున ఆ కదలికకు అనుకరణము మూలము కాదు, అది భావముతోడనే ఉద్భవించును. తేనీటిబల్లపై తట్టుట అట్టిది గాదు. దాని రూపమును అర్థమును సమాజము నిర్ణయించినది, పసివాడు పెద్దలను జూచి నేర్వవలసినది.

ఇట్లు స్థిరపడిన సంజ్ఞ తిరిగి భాషలో ప్రవేశించి పదమై నిలుచుటయే నాకు మిక్కిలి ఆశ్చర్యకరముగా దోచుచున్నది. చేయి ఊపి తల త్రిప్పి కాదనుటను ఆ నగరముల భాషయైన కాంటనీసులో 'సా సౌ నింగ్ తౌ' అందురు. ఎవడైన ఒక ప్రస్తావమును త్రోసిపుచ్చెనని చెప్పవలసినపుడు, వాడు చేయి కదపకున్నను, ఈ మాటయే వాడుదురు. వ్రేలెత్తి చూపుచు తప్పులెన్నుట 'జీజీ డుక్‌డుక్'. పిల్లలు మాట తప్పమని చిటికెనవ్రేళ్లు పెనవేసికొందురు; దానికిని పేరు గలదు. సంజ్ఞకు సామాన్యనామమైన 'సౌసై' వంటవాని చేతినేర్పునకును చెల్లుటచే, విందారగించినవారు 'హో సౌసై' యని మెచ్చుకొందురు.

అంగడి కోలాహలమున ఒక్క చేతితోనే సంఖ్యలు తెలుపు పద్ధతియు చీనాదేశమున వ్యాప్తమై యున్నది. బొటనవ్రేలిని చిటికెనవ్రేలిని చాచిన ఆరు. పదికి మాత్రము రెండుచేతుల చూపుడువ్రేళ్లను అడ్డముగా గూర్చి, చీనా లిపిలోని పది అంకెను గీచినట్లు చూపుటయు గలదు. ఏడు, ఎనిమిది మాత్రము ప్రాంతమునుబట్టి మారుచుండును గనుక, దూరప్రాంతపు వర్తకుడు బేరమున ఆ రెండింటికడ నోరు విప్పి అడిగి తెలిసికొనవలసి వచ్చును.