విక్రాంత్ ఎక్కడుంది? యుద్ధ వార్తలో నిజమెంత

2025 మే 8 రాత్రి, భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఘర్షణ నడుస్తుండగా, మన టీవీ తెరల మీద కరాచీ రేవు తగలబడిపోయింది. మన విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ పాకిస్తాన్ ప్రధాన రేవును ధ్వంసం చేసిందని పెద్ద పెద్ద జాతీయ ఛానళ్లు గొంతు చించుకుని చెప్పాయి. ఆ మాట తెలుగు తెరలకూ, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులకూ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. సాక్ష్యంగా తిరిగిన వీడియోల్లో ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అంతకుముందు జరిగిన విమాన ప్రమాదానిది. కరాచీ పోర్ట్ ట్రస్ట్ ఎక్స్ ఖాతాలోనే నష్టం జరిగిందని ఒక పోస్టు కనిపించింది. కాసేపటికి ఖాతా హ్యాక్ అయిందనీ, రేవు మామూలుగానే పనిచేస్తోందనీ ఆ సంస్థ ప్రకటించింది. మూడు రోజుల తర్వాత, మే 11న, మన నౌకాదళం తరఫున వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్ విలేకరుల ముందుకు వచ్చి అసలు సంగతి చెప్పారు. నౌకాదళం ఉత్తర అరేబియా సముద్రంలో మోహరించి ఉంది, కరాచీతో సహా తాము ఎంచుకున్న లక్ష్యాల మీద దాడికి సిద్ధంగా ఉంది. సిద్ధంగా ఉండటానికీ కొట్టడానికీ మధ్య ఉన్న తేడాను ఆ రాత్రి ఛానళ్లు మింగేశాయి.

ఇంత పెద్ద అబద్ధాన్ని చదువుకున్నవాళ్లు కూడా ఎలా నమ్మారు? నమ్మడానికి పునాది ముందే ఉంది. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు నిజంగానే కరాచీ మీద విరుచుకుపడ్డాయి. ఆ రోజును ఇప్పటికీ నౌకాదళ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఒకసారి జరిగింది కాబట్టి మళ్లీ జరిగి ఉంటుందని మనసు సులువుగా ఒప్పుకుంటుంది. వార్తలు యుద్ధాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయా అని అడిగినప్పుడు చాలామంది అబద్ధాలకోరు యాంకర్ల దగ్గరా, పాకిస్తాన్ ప్రచారం దగ్గరా ఆగిపోతారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ అసలు చిక్కు కాలంతో వచ్చింది. యుద్ధంలో ఒక సంఘటన గురించి నమ్మదగిన మాట తెలియడానికి రోజులు, వారాలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. వార్త మాత్రం ఈ నిమిషమే కావాలి. ఆ ఖాళీని ఎవరో ఒకరు ఏదో ఒకదానితో నింపుతారు. ఈ మాటకు మన తీరంలోనే మంచి ఉదాహరణ ఉంది.

1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. దాని వేట విక్రాంత్ కోసమే (ఇప్పటిది కాదు, ఆ పేరుగల పాత విమాన వాహక నౌక). విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండటంతో దాని వేగం తగ్గింది, ఎదురుపడితే తప్పించుకోవడం కష్టం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దాన్ని గుట్టుగా అండమాన్ దీవులకు పంపేసి, అది విశాఖపట్నంలోనే ఉన్నట్టు నాటకమాడించారు. రాజ్‌పుత్ అనే పాతబడిన యుద్ధనౌక పెద్ద నౌక చేసినంత హడావిడిగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. నౌకాదళ సముదాయానికి సరిపడా సరుకులు, కూరగాయలు, మాంసం విశాఖ కాంట్రాక్టర్ల దగ్గర ఆర్డరు పెట్టారు, ఆ కబురు ఊళ్లోంచి శత్రువు చెవిన పడాలనే. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతూ విక్రాంత్ నావికుడు పంపినట్టుగా ఒక టెలిగ్రాం రహస్య సంకేతాలేవీ లేకుండా వెళ్లింది. ఆనాటి విశాఖ బజారులో ఎవరైనా విలేకరి నిజాయితీగా ఆరా తీసి, ముగ్గురు నలుగురు సాక్షులను అడిగి, విక్రాంత్ ఇక్కడే ఉందని రాసి ఉంటే ఆ వార్తలో అబద్ధమాడినవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. వార్త మాత్రం పూర్తిగా తప్పయ్యేది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో పెద్ద పేలుడు జరిగింది. కిటికీ అద్దాలు అదిరేంత శబ్దం ఊరికి వినిపించింది. శబ్దం విన్న జనానికి అదేమిటో తెలియదు. తర్వాత మత్స్యకారుల చేతికి శకలాలు చిక్కాయి. ఘాజీ మునిగిందని మన నౌకాదళం డిసెంబరు 9న ప్రకటించింది. తొంభైమందికి పైగా సిబ్బందితో అది ఎలా మునిగింది? రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లే అని మన నౌకాదళం వాదన. తన సొంత మైన్ల వల్లో, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్లో అని పాకిస్తాన్ వాదన. యాభై ఏళ్లు దాటినా రెండు కథనాలూ బతికే ఉన్నాయి. మూడోదాన్ని మనమే కలుపుకున్నాం. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసినవాళ్లలో చాలామందికి ఇప్పుడు గుర్తున్నది భారత జలాంతర్గామి దాన్ని సముద్రంలో వెంటాడి కొట్టిన కథ. ఆ జలాంతర్గామి కల్పన.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పెళ్లి సంబంధాల్లో, పంచాయతీల్లో ఆ సామెత పనికొస్తుందేమో గానీ యుద్ధంలో పొగ పెట్టడమే ఒక విద్య. అక్కడ నిజాన్ని దాచడం సైన్యం వృత్తిధర్మం. ఎదుటివాడిదీ అదే ధర్మం. అలాంటి చోటు నుంచి గంట గంటకూ నిఖార్సయిన నిజం రావాలని కోరుకోవడం మన అమాయకత్వం.

దాచేవాళ్ల సంగతి అలా ఉంచి నమ్మేవాళ్ల సంగతి చూద్దాం. 1934 జనవరి 15న బిహార్‌లో భారీ భూకంపం వచ్చింది. ఆ తర్వాత ప్రబలిన వదంతులను జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సేకరించి, 1935లో వ్యాసంగా ప్రచురించాడు. భూమి కదలడం తెలిసినా ఇల్లు కూలనివాళ్ల మధ్య అవి విపరీతంగా తిరిగాయి. భూకంపం వేళ గంగలో నీళ్లు మాయమయ్యాయని, ఫలానా తేదీన ప్రళయం వస్తుందని చెప్పుకున్నారు. తర్వాత దుర్గానంద్ సిన్హా డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడిన ప్రాంతాన్ని పరిశీలించి 1952లో రాసినదాంట్లో, నష్టాన్ని కళ్లారా చూసినవాళ్ల మధ్య ఆ తరహా భయంకర వదంతులు కనిపించలేదు. ఈ తేడాయే అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్‌ను ఆలోచనలో పడేసింది. ఒంట్లో భయం ఉంది, కళ్లెదుట కారణం లేదు. ఆ రెంటికీ పొత్తు కుదరాలంటే భయానికి తగ్గ కారణాన్ని పుట్టించుకోవాలి. మనస్తత్వ శాస్త్రంలో బాగా పేరుపడ్డ ఆయన వైరుధ్య సిద్ధాంతానికి బీజం ఒక భారతీయుడు మన నేల మీద చేసిన పని నుంచి పడింది. మన పాఠ్యపుస్తకాల్లో ఫెస్టింగర్ ఉంటాడు, జమునా ప్రసాద్ మాత్రం ఎక్కడో గానీ కనిపించడు.

ఇప్పుడు హైదరాబాద్ ఉత్తరాన ఉన్న సుచిత్ర చౌరస్తాను ఊహించండి. ఒక పక్క దుండిగల్ వైమానిక అకాడమీ, మరో పక్క హకీంపేట వైమానిక స్థావరం. శిక్షణ విమానాల చప్పుడు ఇక్కడివాళ్లకు ఏడాది పొడవునా అలవాటే. పాకిస్తాన్ సరిహద్దు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. 2025 మే 7 సాయంత్రం నాలుగింటికి ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో నగరంలో సైరన్లు మోగించి సన్నద్ధత విన్యాసం జరిపారు. అది అవసరమైన పనే. కానీ ఆ పూట నుంచి నెత్తి మీద రోజూ తిరిగే విమానానికే కొత్త అర్థం వస్తుంది. ఎవరి ఇంటి పెంకూ కదల్లేదు, అందరి గుండెలూ కాస్త కదిలాయి. బిహార్‌లో ప్రసాద్ చూసినది సరిగ్గా ఇలాంటి జనాన్నే. సుచిత్ర నుంచి శామీర్‌పేట దాకా, ఆ మాటకొస్తే యావత్ తెలుగునేలా, ఘర్షణ సాగిన ఆ నాలుగు రోజులూ వదంతికి అనువైన దూరంలో ఉంది. సరిహద్దులోని పూంచ్‌లో గుండ్లు పడుతున్నవాళ్లకు కరాచీ గురించి ఆలోచించే తీరిక లేదు. మనకు ఉంది.

ఆ భయానికి ఛానళ్లు ఆజ్యం పోశాయి. స్టూడియో కార్యక్రమాల్లో వైమానిక దాడి సైరన్ శబ్దాన్ని అదేపనిగా వాడుతుంటే, మే 10న పౌర రక్షణ విభాగమే ఆ పని మానండని ఆదేశించాల్సి వచ్చింది. నిజమైన సైరన్ మోగినా జనం టీవీ అనుకుని ఊరుకుంటారన్నది వాళ్ల ఆందోళన. పదే పదే విన్న మాట విన్నకొద్దీ నిజంగా తోస్తుందని 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో అనే ముగ్గురు పరిశోధకులు ప్రయోగంలో చూపించారు. సరైన సంగతి ముందే తెలిసి ఉన్నా ఈ ప్రభావం నుంచి పూర్తి రక్షణ లేదని 2015లో లీసా ఫేజియో బృందం తేల్చింది. ఒకే బ్రేకింగ్ న్యూస్ స్క్రోలింగ్ రాత్రంతా తిరగడం దానికదే ఒక ప్రయోగశాల. ఇక సోషల్ మీడియా సంగతి. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. అబద్ధపు వార్తను మనుషులు తిరిగి పంచుకునే అవకాశం నిజం కన్నా 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టే కాలం అబద్ధానికి పట్టేదానికి దాదాపు ఆరు రెట్లు. ఇందుకు యంత్రఖాతాల మీద నెపం వేయడానికి వీల్లేదు, వాటిని తీసేసి లెక్కకట్టినా తేడా అలాగే ఉంది. అది ట్విట్టర్ లెక్క, తెలుగు కుటుంబాల వాట్సాప్‌కు అంకె అంకెగా వర్తించదు. అయినా కొత్తదనం, ఆశ్చర్యం మనుషుల వేళ్లను ముందుకు తోస్తాయన్న మూల కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే.

అబద్ధం కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. లేని కరాచీ తెర నిండా ఉన్నప్పుడు ఉన్న పూంచ్‌కు చోటెక్కడ? మే 7న పాక్ గుండ్ల దాడిలో అక్కడ పదిమందికి పైగా పౌరులు చనిపోయారు. ఆ రోజుల్లోనే నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన ఒక యువ అగ్నివీర్ ప్రాణం కోల్పోయాడు. అతని భౌతికకాయం సొంతూరు చేరాక గానీ చాలా తెలుగు ఇళ్లకు ఆ యుద్ధంలో చావు అనేది కనిపించలేదు. చెప్పిన ప్రతి మాటా నిజమైనా, దేన్ని ఎంతసేపు చూపించారన్నదాంతో చిత్రం వంకర తిరుగుతుంది. ఫ్యాక్ట్ చెక్ ఒక వాక్యాన్ని సరిదిద్దగలదు. ఈ వంకరను సరిదిద్దడం దానివల్ల కాదు.

సోషల్ మీడియా లేకపోతే ప్రభుత్వాలు దాచినవి బయటపడేవా అని ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైనదే. 2014 జులై 17న ఉక్రెయిన్ గగనంలో ఎంహెచ్17 ప్రయాణికుల విమానం కూలి 298 మంది చనిపోయినప్పుడు, రష్యా నుంచి వచ్చిన క్షిపణి వాహనం ఆనవాళ్లను స్వతంత్ర పరిశోధకులు సామాన్యులు పెట్టిన ఫొటోలు, వీడియోల నుంచే పట్టుకున్నారు. కానీ వాళ్లు చేసిన పని చూడండి. ఒక్కో ఫొటోలోని కరెంటు స్తంభాన్ని, దుకాణం బోర్డును, నీడ పడిన దిక్కును మ్యాపుతో సరిపోల్చారు. ఆ కేసులో నెదర్లాండ్స్ కోర్టు తీర్పు ఎనిమిదేళ్ల తర్వాత, 2022 నవంబరులో వచ్చింది. సోషల్ మీడియా నిజానికి ముడిసరుకు ఇవ్వగలదు. ఆ సరుకును అప్పటికప్పుడు తినేస్తేనే ముప్పు.

యుద్ధకాలంలో కాస్త గోరంతను కొండంత చేస్తే తప్పేమిటి, దేశం మనోధైర్యం ముఖ్యం కదా అనేవాళ్లున్నారు. కృష్ణన్ ఆడించిన నాటకంలో మోసపోవాల్సినవాడు శత్రువు. కరాచీ రేవు చెక్కుచెదరలేదని పాకిస్తాన్‌కు మొదటి నిమిషం నుంచే తెలుసు. ఆ రాత్రి మోసపోయింది మనమొక్కరమే. అదే వారం ఏటీఎంలు రెండు మూడు రోజులు మూతపడతాయన్న పుకారును కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఖండించాల్సి వచ్చింది. ధైర్యం పేరిట నమ్మడం అలవాటు చేస్తే జనం భయపెట్టే మాటనూ అంతే తేలిగ్గా నమ్ముతారు. ఇదేమీ మన ఒక్కరి జబ్బు కాదు. 2022లో ‘కీవ్ భూతం’ అనే యుద్ధ పైలట్ కథకు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, సాక్ష్యంగా తిరిగిన దృశ్యం వీడియో గేముది. రెండు నెలల తర్వాత అది కల్పిత వీరుడి కథేనని ఉక్రెయిన్ వైమానిక దళమే ఒప్పుకుంది.

అయితే ప్రభుత్వం చెప్పేదాకా నోరు మూసుకుని ఉందామా? అదీ కుదరదు. మే 7 నాటి ఘర్షణలో మన యుద్ధవిమానాలకు నష్టం జరిగిందని త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ ఒప్పుకున్నది మే 31న, అదీ సింగపూర్‌లో విదేశీ మీడియాతో. ఎన్ని అనేది ఆయన చెప్పలేదు. ఆరు కూల్చామన్న పాకిస్తాన్ అంకె అబద్ధమని మాత్రం కొట్టిపారేశారు. ఆగస్టు 9న వైమానిక దళాధిపతి ఎ.పి. సింగ్ పాకిస్తాన్ విమానాల్లో ఐదు యుద్ధవిమానాలను, ఒక పెద్ద విమానాన్ని కూల్చామన్నారు. దాన్ని పాకిస్తాన్ కొట్టిపారేసింది. సైన్యం మౌనానికి కారణాలు ఉండొచ్చు, మౌనాన్ని నిజం అనుకోవడానికి మాత్రం వీల్లేదు. ఆ ఇరవై నాలుగు రోజుల్లో నష్టం గురించి అడిగిన విలేకరిని దేశద్రోహి అన్నవాళ్లు ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

కాబట్టి యుద్ధం నడుస్తున్న రోజుల్లో తెర మీద కనిపించేది ఆ యుద్ధపు సరైన చిత్రం కాదన్నదే నా తీర్పు. నెలల తర్వాత ఓపికగా రాసిన కథనాల్లో దానికి దగ్గరగా వచ్చే అవకాశం ఉంది. ఈలోగా పాఠకుడు ప్రతి వార్తనూ ఒక్క ప్రశ్న అడగొచ్చు: ఈ సంగతి ఈపాటికే తెలిసే వీలు ఎవరికి ఉంది? హైదరాబాద్ నుంచే పనిచేస్తున్న ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు తెలుగులోనూ ఈ ఆరా తీస్తున్నాయి. ఇక ఛానళ్ల వంతు. కరాచీ రాత్రి తర్వాత ఒక హిందీ ఛానల్ తన పొరపాటుకు తెర మీదే క్షమాపణ చెప్పింది. తప్పుడు వార్తను ఎన్ని గంటలు నడిపారో సవరణనూ అన్ని గంటలు, అదే సైజు అక్షరాలతో నడపమని మన తెలుగు ఛానళ్లకు ఉత్తరం రాయండి, ఈమెయిల్ పంపండి, ప్రకటనలిచ్చే కంపెనీలకూ ఒక ప్రతి జతచేయండి.