కంటి తడి

వేసవి మధ్యాహ్నం మక్తల్‌లో దండెంమీద ఆరవేసిన తడిగుడ్డ చూస్తూండగానే ఎండిపోతుంది. అదే ఎండలో, అదే వడగాలిలో తిరిగే మన కన్ను మాత్రం తడిగానే ఉంటుంది. ఈ నీరు ఎక్కడిది? ఎందుకు ఆరిపోదు?

కనుగ్రుడ్డుకు పైన, కణతవైపున, బాదంగింజంత అశ్రుగ్రంథి ఉన్నది. మనం ఏడ్చినా, ఏడవకపోయినా అదీ, దాని తోడి చిన్న గ్రంథులూ నీటిని కొద్దికొద్దిగా స్రవిస్తూనే ఉంటవి. అయితే ఒక కంటిలో ఒకసారి నిలిచి ఉండే నీరు సుమారు 7 మైక్రోలీటర్లే. మందుసీసానుంచి రాలే చుక్కలో నాలుగవ వంతైనా ఉండదు!

వట్టి నీరే అయితే ఇది గాలికి నిలువదు. రెప్పల అంచున బారులు తీరిన గ్రంథులు పలుచని కొవ్వును దానిపై కప్పి, ఆవిరికాకుండా కాపాడుతవి. 1666లో వీటిని వర్ణించిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరనే వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. నీటికి అడుగున జిగురు ఉన్నది. నీరు జారిపోక కంటిని అంటిపెట్టుకొనేది దానివల్లనే. రెప్పపాటు ఈ మూడింటినీ మళ్ళీ మళ్ళీ పరచి సరిచేస్తుంది.

కంటికి ముందున్న గాజువంటి పొర శుక్లపటలం. అందులో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుగుకు అడ్డమయ్యేవి. కనుక దానికి కావలసిన ఆక్సిజన్ చాలవరకు గాలినుండి కన్నీటిలో కరిగి అందుతుంది. కన్నీటిలో లైసోజైమ్ అనే పదార్థం కూడ ఉన్నది. అది కొన్ని సూక్ష్మజీవులను చంపుతుందని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో ప్రకటించాడు.

అద్దంలో చూస్తూ కింది రెప్పను ముక్కువైపున కొద్దిగా లాగండి. సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. వాడిన నీరు దానిగుండా ముక్కులోకి పోతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. ఇంకొక పరీక్ష: మాట్లాడుతున్న మిత్రుడు నిమిషానికి ఎన్నిసార్లు రెప్ప వేస్తాడో అతనికి తెలియకుండా లెక్కించండి, చదివేటప్పుడు మళ్ళీ లెక్కించండి. రెండవ లెక్క తగ్గుతుంది. ఎక్కువసేపు చదివితే, ఫోను చూస్తే కళ్ళు మండటానికి ఇదొక కారణం.

అడుగునున్న జిగురు పొరకు విటమిన్ ‘ఎ’ అవసరం. అది కొరవడితే ముందు రేచీకటి వస్తుంది. తరువాత తెల్లగుడ్డు కాంతి తప్పి, దానిమీద సబ్బునురుగువంటి మచ్చలేర్పడవచ్చు. అప్పటికీ ఊరకుంటే శుక్లపటలం మెత్తబడి చితికిపోవచ్చు. పోయిన ఆ చూపు సాధారణంగా తిరిగి రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మనదేశంలో పిల్లలకు ఈ విటమిన్ మోతాదులివ్వడం మొదలైంది. తొమ్మిదవ నెలలో ఒకటి, ఆపైన అయిదేళ్ళు నిండేదాకా ఆరునెలల కొకటి ఇస్తారు.

మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు దీనిని సమకూర్చే ఆహారాలే. మీ ఇంటనో, వాడలోనో పొద్దుగూకగానే తడుముకుంటూ నడిచే పిల్లవాడున్నాడా? కంట్లో ఆకుపసరు పోయనివ్వకండి. మరునాడే ఆరోగ్యకేంద్రానికి తీసుకొని వెళ్ళండి. సకాలంలో చికిత్స అందితే ఆ కన్ను నిలుస్తుంది.