పాత కారునకు క్రొత్త అద్దము

మోటారుకారు నడుపువాడు ముందున్న దారిని ఎంత శ్రద్ధతో చూడవలయునో వెనుక వచ్చు బండ్లను గూడ అంత శ్రద్ధతో కనిపెట్టుచుండవలయునను సంగతి నేడు అందరకును తెలిసినదే గాని, కార్లు పుట్టిన తొలి దినములలో అందుకొరకు ప్రత్యేకముగా ఒక ఉపకరణము కావలయునని తోచినవారు మిక్కిలి అరుదు. ఆంగ్లదేశమున పందెపు కార్లు నడిపి ప్రఖ్యాతి గాంచిన డొరోతీ లెవిట్ అను వనిత, స్త్రీలకొరకు 1909లో ప్రకటించిన మోటారు గ్రంథమున, చేతి అద్దమొకటి దగ్గర నుంచుకొని అప్పుడప్పుడు పైకెత్తి వెనుకకు చూచుచుండవలయునని హితవు చెప్పినది. రెండేండ్ల పిదప, 1911 మే 30వ తేదీన, ఇండియానాపోలిస్‌లో జరిగిన తొలి 500 మైళ్ళ పందెమునకు రే హారూన్ ఒంటి ఆసనముగల కారుతో వచ్చినప్పుడు, వెనుక వచ్చువారిని చూచి చెప్పుటకు ప్రక్కన మెకానిక్కు లేని బండి అపాయకరమని తోడి పోటీదారులు ఆక్షేపింపగా, ఆయన తన ముందర చిన్న చట్రము బిగించి అందులో అద్దము నమర్చి, గంటకు సుమారు 75 మైళ్ళ సగటు వేగముతో పందెము గెలిచెను. ఇటుకలు పరచిన ఆ బాటపై అద్దము ఎడతెగక అదరుటచే అందులో ఏమియు సరిగా కానరాలేదని ఆయనయే పిదప ఒప్పుకొనెను. అయినను ఆ గెలుపుతో అద్దమునకు కీర్తి వచ్చినది.

అద్దము కార్లలో స్థిరపడినకొలది రాత్రివేళ దాని దోషము బయటపడెను. వెనుకబండి హెడ్‌లైట్ల వెలుగును అది తిన్నగా నడుపువాని కన్నులలోనికి గ్రుమ్మరించును. చీకటికి అలవాటుపడి విచ్చుకొనియున్న కనుపాప ఆ తాకిడికి ముడుచుకొనును. కంటి కటకమునందు చెదరిన వెలుగు పలుచని తెరవలె దృశ్యమున కడ్డుపడును. వయస్సు మీరినకొలది కటకము స్వచ్ఛత కోల్పోవును గనుక ఈ తెర మరింత చిక్కనగును. వెనుకబండి దాటిపోయిన తరువాత సైతము కొన్ని క్షణములపాటు, బాట ప్రక్కన నడచుచున్న మనుష్యుడు కానరాకపోవచ్చును. అపాయమంతయు ఆ కొన్ని క్షణములలోనే యున్నది.

దీనికి దొరకిన తొలి మంచి విరుగుడు పట్టకపు అద్దము. ఒక అంచున మందముగను, రెండవ అంచున పలుచగను ఉండు గాజునకు వెనుక వెండిపూత పూయుదురు. పూత తనపై పడిన వెలుగులో అత్యధిక భాగమును మరలించును; పూతలేని ముందుతలము నూటికి 4 పాళ్ళు మాత్రమే మరలించును. ఈ రెండు తలములు సమాంతరములు గావు గనుక, అడుగునున్న చిన్న మీటను త్రిప్పినంతనే పూత చూపు ప్రకాశవంతమైన ప్రతిబింబము కారు పైకప్పు వైపునకు తొలగి, ముందుతలపు మసక ప్రతిబింబము కంటికి వచ్చును. విద్యుత్తు అక్కరలేదు, ఖర్చు స్వల్పము. మన దేశపు కార్లలో నేటికిని పెక్కింట ఉన్నది ఇదియే. ఇంత సులువైన యుక్తిని తక్కువగా చూచుట న్యాయము గాదు. కాని, వెలుగు మీదపడిన పిదప చేయి చక్రమును విడిచి మీటకొరకు వెదకవలయును. పైగా అద్దమునకు రెండే స్థితులు గాని నడిమి స్థితి లేదు.

మీటను తనంతట త్రిప్పు యంత్రమును కల్పింపవలయునని యత్నములు జరిగినవి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు జీలండ్ పట్టణమున, పొగను కాంతితో కనిపెట్టు అగ్నిసూచికలు తయారుచేయుటకై 1974లో వెలసిన జెంటెక్స్ కంపెనీ, వెలుగును కొలుచుటలో తనకుగల నేర్పును అద్దములవైపు మరల్చి, 1982లో చిన్న మోటారుతో పట్టకమును త్రిప్పు అద్దమును, 1987లో ఏ భాగమును కదలనక్కరలేక గాజే నల్లబడు అద్దమును విపణికి తెచ్చెను. ఈ రెండవదాని రసాయనశాస్త్రమును తీర్చినవారిలో హార్లాన్ బైకర్ ముఖ్యుడు.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. విద్యుత్తుతో రంగు మారు పదార్థములు అంతకుముందే తెలిసినవి. టంగ్‌స్టన్ ఆక్సైడ్ పలుచని పొర విద్యుత్తుచే నీలవర్ణము పొందుటను ఎస్. కె. దేబ్ 1969లో ప్రకటించియుండెను. అట్టి పొర ఒకసారి రంగెక్కిన పిదప విద్యుత్తు ఆపినను చాలసేపు రంగు విడువదు. కిటికీకి అది సుగుణమే. కారు అద్దమునకు మాత్రము, తీగ తెగినప్పుడు అద్దము నల్లగా నిలిచిపోవుటకంటె వేరు కీడు లేదు. బైకర్ ఎన్నుకొనిన మార్గమున, లోపలి ముఖములపై ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక వాహకపు పూతగల రెండు పలకల నడుమ, మిల్లీమీటరులో స్వల్పభాగమగు ఎడమున, చిక్కని ద్రవము నింపబడును. అందు వయొలోజెన్ జాతి అణువులు ఒక పలకయొద్ద ఎలక్ట్రానును గ్రహించియు, ఫెనజీన్ జాతి అణువులు రెండవ పలకయొద్ద ఎలక్ట్రానును కోల్పోయియు గాఢవర్ణమును పొందును. ఇందులకు వోల్టుకు కొంచెము మించిన ఒత్తిడి చాలును. ఒత్తిడి ఆగినంతనే ఆ రెండు జాతుల అణువులు ద్రవములో సంచరించుచు ఒకదానినొకటి కలిసికొని, ఎలక్ట్రాను తిరిగి చేతులు మారి, ద్రవము తనంతట తేరుకొనును. విద్యుత్తు ఏ కారణమున పోయినను అద్దము మామూలు అద్దమై మిగులును; దాని గొప్పతనమెల్ల ఇందే యున్నదని నా దృఢవిశ్వాసము.

ఎప్పుడు నల్లబడవలయునో నిర్ణయించుటకు రెండు కన్నులున్నవి. ముందుకు చూచునది పగలో రాత్రియో తెలిసికొనును. వెనుకకు చూచునది హెడ్‌లైట్ల తీవ్రతను కొలుచును. భేదమును బట్టి అద్దము కొంచెముగనో పూర్తిగనో మసకబారును.

ఇట్టి అద్దమును పాత కారునకు అమర్చుకొనుట కష్టమైన పని గాదు. అమెరికాలో 1990ల నాటి పెక్కు కార్లలో పాత అద్దము విండ్‌షీల్డుకు అంటించిన లోహపు బిళ్ళపై కూర్చుండియుండును. మర వదులు చేసి పైకి జరిపినచో ఊడివచ్చును. ప్రక్కకు మెలిపెట్టి లాగరాదు, గాజు పగులుట కలదు. క్రొత్త అద్దమునకు మూడు వైర్లు ముఖ్యము. వానిని రూఫ్ లైనింగు అంచున దూర్చి, ప్రక్క స్తంభము వెంట ఫ్యూజు పెట్టె దాకా దింపవలయును. ఆ స్తంభమున ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో, అది విచ్చుకొను దారికి వైరు అడ్డము రాకుండ వెనుకగా పోనీయవలయును. మొదటి వైరును, తాళపుచెవి త్రిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చు ఫ్యూజునకు కలుపవలయును. టెస్టు ల్యాంపుతో చూడక కలిపినచో బ్యాటరీ తెల్లవారులు కరుగుచుండును. రెండవది ఎర్తు, రంగు గీకిన శుభ్రమైన లోహమునకు బోల్టుతో బిగింపవలయును.

మూడవ వైరు రివర్సు ల్యాంపునకు పోవు తీగకు చెందినది. శ్రమయని దీనిని విడిచిపెట్టువారు పలువురు. నా తలంపున విడువరానిది ఇదియే. కారు వెనుకకు నడుచునప్పుడు అద్దమున సర్వము స్పష్టముగ కానరావలయును గదా. రివర్సు గేరు పడినంతనే ఈ వైరు అద్దమునకు ఆ సంగతి తెలుపగా, వెనుక ఎంత వెలుగున్నను అది నల్లదనము మాని తేటపడును.

దిక్సూచి గల అద్దమైనచో ఇంకొక పని మిగులును. కారు ఉక్కునకు స్వంత అయస్కాంతక్షేత్ర ముండును గనుక, దానిని లెక్కలోనికి తీసికొనుటకై ఖాళీ స్థలమున మెల్లగా వృత్తములు తిరుగవలయును. అయస్కాంతపు ఉత్తరమునకును నిజమైన ఉత్తరమునకును గల భేదము మన తెలుగు సీమలలో అత్యల్పమే గాని, అమెరికాలో సియాటిల్‌లో ఒక వైపునకు, బోస్టన్‌లో వేరొక వైపునకు పది డిగ్రీలకు మించును. అందుచే ఆ దేశమునకై చేసిన అద్దములలో ప్రాంతపు సంఖ్యను ఎన్నుకొనవలసియుండును.

కడపట పరీక్ష. తాళపుచెవి త్రిప్పి, ముందు కన్నును వ్రేలితో మూసి, వెనుక కన్నుపై టార్చి వేసినచో కొన్ని సెకండ్లలో అద్దము నీలాకుపచ్చగా చిక్కబడవలయును. టార్చి తీయకయే, బ్రేకు నొక్కి పట్టి రివర్సు గేరు వేయగా అది తేటపడవలయును. పడనిచో మూడవ వైరు చోటు తప్పినదని గ్రహించి, రూఫ్ లైనింగు మూయకమునుపే సరిదిద్దుకొనవలయును.