‘పని’ అడిగితే ‘పానీ’ ఇచ్చింది!

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చుట్టాలావిడ పాలమూరు వైపు పల్లె నుంచి పని వెతుక్కుంటూ అమీర్‌పేట వచ్చింది. మా పై అంతస్తులో కాన్పూర్ నుంచి కొత్తగా దిగిన కుటుంబం ఉంది. ఆవిడ వరసగా రెండ్రోజులు వాళ్ల తలుపు తట్టి, “పని ఉందా అమ్మా?” అని అడిగింది. రెండుసార్లూ ఆ ఇల్లాలు నవ్వుతూ లోపలికెళ్లి గ్లాసు నిండా చల్లటి నీళ్లు తెచ్చిచ్చింది. ఈవిడ మొహమాటంగా తాగేసి మెట్లు దిగి వచ్చేసింది.

మూడోరోజు చేతిలో మూటతో మెట్ల దగ్గర కనిపించింది. “ఊరికి పోతున్ననమ్మా. పని లేదని చెప్పలేక పాపం నీళ్లిచ్చి పంపుతున్నరు” అంది. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే, ఆ పొద్దున్నే పై ఇంటావిడ నాతో ఏమందో తెలుసా? “దీదీ, పనిమనిషి దొరకడం లేదు. ఎవరో ఒకావిడ మాత్రం రోజూ దాహమంటూ వస్తోంది, పాపం!” అని.

అప్పుడు వెలిగింది నాకు. ఈవిడ అడిగింది ‘పని’. ఆవిడకు వినబడింది ‘పానీ’. రెండు దీర్ఘాల దగ్గర ఓ మనిషి జీవనోపాధి జారిపోబోయింది! మూట అక్కడే పెట్టించి పైకి తీసుకెళ్లాను. పది నిమిషాల్లో జీతం కూడా మాట్లాడేసుకున్నారు.

‘నేను కూడా’ అంటే...

అన్నట్టు, ఈ ‘కూడా’తో కూడా తంటానే. హిందీలో కూడా అంటే చెత్త. ఓరోజు పై ఇంటావిడ కూరలకు బయల్దేరుతుంటే “నేను కూడా” అన్నాను. ఆవిడ వంటింట్లోకెళ్లి చెత్తబుట్ట తెచ్చి నా ముందు పెట్టింది! భోజనానికి పిలిచినప్పుడు మరీ విడ్డూరం. నేను “చాలు, చాలు” అన్నకొద్దీ అన్నం వడ్డిస్తూనే ఉంది. వాళ్ల ‘చాలూ’కి నడుస్తోంది, సాగుతోంది అని అర్థం మరి. పంజాగుట్ట ఆటో సంగతి సరేసరి. నిమ్స్ గేటు దగ్గర “ఆగు, ఆగు” అన్నాను. ఊరికి కొత్తగా వచ్చిన డ్రైవరుకు అది ‘ఆగే’ అని, అంటే ముందుకు అని వినబడింది. ఎర్రమంజిల్ దాకా తీసుకుపోయాడు.

ఎందుకిలా? తెలుగు ద్రావిడ భాష. హిందీ, ఉర్దూలు ఇండో-ఆర్యన్ భాషలు. పుట్టిళ్లే వేరు. తెలుగుకు సంస్కృతం తల్లి కాదని ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ 1816లోనే చూపించారు. మన ‘కూడా’ కూడు అనే మాట నుంచి, అంటే కలవడం నుంచి వచ్చింది. హిందీ ‘కూడా’కి దాంతో ఏ బంధుత్వమూ లేదు. మనిషి నోరు పలికే ధ్వనులు కొన్నే. భాషకు కావలసిన మాటలేమో వేలకు వేలు. ఎక్కడో ఒకచోట రెండు మాటలు ఎదురుబొదురు తగులుకోక తప్పదు కదా!

అయితే అన్నీ కాకతాళీయం కాదు. “బిటియా కీ శిక్షా కోసమే ఇక్కడికొచ్చాం” అని ఆవిడంటే మా అత్తగారు హడలిపోయారు. హిందీలో శిక్షా అంటే చదువు! ఇది మాత్రం ఒకే సంస్కృత పదం, రెండిళ్లలో రెండు రకాలుగా పెరిగింది. ఉపన్యాసమూ అంతే. మనకు ప్రసంగం, వాళ్లకు నవల.

గుట్టలో చుక్క

పంజాగుట్ట పేరునే తీసుకోండి. పంజా పారశీకం నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట, ఐదువేళ్ల చెయ్యి. గుట్ట మన తెలుగే. కానీ లాటిన్‌లో ‘గుట్టా’ అంటే చుక్క! మందుచీటీల్లో చుక్కల మందుకు ‘జీటీటీ’ అని రాసే పొడి అక్షరాలు దాన్నుంచి వచ్చినవే. మనకు కొండంత, వాళ్లకు చుక్కంత.

చుట్టరికాల మాటలు మరీ తమాషా. మనకు మామ అంటే మేనమామో, భర్త తండ్రో. జార్జియా దేశంలో ‘మామా’ అంటే కన్నతండ్రి, తల్లేమో ‘దెదా’. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో ‘బాబు’ తాతయ్య, ‘దాదా’ అక్క! హిందీవారికి దాదా నాన్న తండ్రి, బెంగాలీలకు అన్నయ్య. మన వీధుల్లో దాదా ఎవరో చెప్పనక్కర్లేదు.

భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో వచ్చిన వ్యాసంలో దీనికి చక్కటి కారణం చెప్పారు. పసిపాప పాలు తాగుతూ మూసిన పెదవులతో చేసే మూలుగే ‘మ’ అట. పాపకు సులువుగా వచ్చే మ, ప, బ, ద ధ్వనుల్ని పెద్దవాళ్లు తలా ఒకరి పేరుగా పంచేసుకున్నారు. ‘నన్నే పిలిచింది’ అని మురిసిపోయేది మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే!

నేను నేర్చుకున్నదొకటే. ఎదుటివాళ్ల జవాబు వింతగా అనిపిస్తే చిన్నబుచ్చుకుని వెనక్కి తిరగొద్దు. మరో మాటతో, కాదంటే చేత్తో సైగ చేసైనా ఇంకోసారి అడగాలి. ఆ పాలమూరు ఆవిడ ఇప్పుడు పై ఇంట్లోనే చేస్తోంది. రోజూ రాగానే ఇల్లాలు నవ్వుతూ “పానీ?” అంటుంది. “ముందు పని, తరవాత పానీ” అంటుందీవిడ.

మరి మీ ఇంట్లో ఇలా తగులుకున్న మాటలేమైనా ఉన్నాయా?