ఏడో మీటింగ్‌ దాకా ఆగండి!

కొత్త ఉద్యోగం. టీమ్‌లో ఒక సీనియర్‌.. మంచి మాటకారి. అందరికంటే ముందు పలకరించాడు. క్యాంటీన్‌లో కాఫీ ఇప్పించాడు. మేనేజర్‌ ముందు మిమ్మల్ని మెచ్చుకున్నాడు. ఇంకేం.. ‘అన్నా’ అంటూ వెంట తిరిగారు. మూడు నెలలు గడిచాయి. మీరు రాత్రంతా కూర్చుని చేసిన ప్రజెంటేషన్‌ని ఆయన తన పేరుతో చూపించేశాడు. ఇదేంటని అడిగితే, ‘నీకు ఫీలింగ్స్‌ ఎక్కువ తమ్ముడూ’ అని నవ్వేశాడు. తప్పు నాదేనేమో అనుకుంటూ మీరు నిద్ర పాడుచేసుకుంటున్నారు. ఈ కథ మీకు తెలిసిందేనా? అయితే మనస్తత్వ పరిశోధకులు ఏం చెబుతున్నారో చదవండి.

మూడు నీడలు

కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు డెల్‌రాయ్‌ పాల్‌హస్, కెవిన్‌ విలియమ్స్‌ 2002లో మూడు లక్షణాలను కలిపి ‘డార్క్‌ ట్రయాడ్‌’ అని పేరు పెట్టారు. 245 మంది విద్యార్థులపై అధ్యయనం చేసి, ఈ మూడూ దగ్గరి చుట్టాలే కానీ ఒకటే కావని తేల్చారు.

* నార్సిసిజం: నా అంతటివాడు లేడనుకోవడం. పొగడ్త లేకపోతే ఉండలేకపోవడం.
* మాకియవెల్లియనిజం: పని జరగడమే ముఖ్యం, మనుషులు పావులు అనుకోవడం. 16వ శతాబ్దపు ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి పేరు మీద వచ్చిన మాట ఇది.
* సైకోపతీ: ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం. ముందూ వెనకా చూడకుండా దూకేయడం, చేసిన పనికి పశ్చాత్తాపం లేకపోవడం.

ఇవి కొందరిలోనే ఉండి మిగతావాళ్లలో అసలు లేనివి కావు. ఎత్తు, బరువుల్లాగే అందరిలో ఎంతో కొంత ఉంటాయి. మీలోనూ, నాలోనూ.

మొదటి రోజు హీరో..

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు బాగా పనికొచ్చే అధ్యయనం మరొకటి ఉంది. పాల్‌హస్‌ 1998లో ప్రచురించారు. ముక్కూమొహం తెలియని విద్యార్థులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. ఒక్కో బృందం ఏడుసార్లు కలిసి చర్చించింది. మొదటి మీటింగ్‌ అయ్యాక చూస్తే, తమ గురించి తాము గొప్పగా ఊహించుకునేవాళ్లే తెలివైనవాళ్లుగా, మంచివాళ్లుగా మార్కులు కొట్టేశారు. ఏడో మీటింగ్‌ నాటికి సీన్‌ రివర్స్‌! అవే బృందాలు వాళ్లను గొప్పలు పోయేవాళ్లని, కయ్యానికి కాలు దువ్వేవాళ్లని అన్నాయి.

గ్రూప్‌ డిస్కషన్‌కీ, ఇంటర్వ్యూకీ ఉండేది ఒక్క మీటింగే. అక్కడ ఎవరో గలగలా మాట్లాడి నెగ్గుకొస్తే, మీకు పనికిమాలినవాళ్లమన్న భావన అక్కర్లేదు. ఆఫీసులో గడిపేది మాత్రం ఏడు మీటింగులు కాదు, ఏళ్లు. ‘ఇలాంటివాళ్లే పైకొస్తారు’ అన్న మాటా పూర్తిగా నిజం కాదు. 1951 నుంచి 2011 వరకు జరిగిన అధ్యయనాలను కలిపి 2012లో విశ్లేషించారు. మాకియవెల్లియనిజం, సైకోపతీ ఎక్కువున్నవారి పనితీరు కాస్త తక్కువగానే కనిపించింది. సంస్థకూ తోటివారికీ నష్టం చేసే పనులతో మాత్రం మూడు లక్షణాలకూ సంబంధం ఉంది.

ముద్ర వేసేయకండి

ఇదంతా చదివి బాస్‌కి ‘సైకో’ అనీ, బ్రేకప్‌ చెప్పిన అమ్మాయికి ‘నార్సిసిస్ట్‌’ అనీ పేర్లు పెట్టేయకండి. లక్షణం వేరు, రుగ్మత వేరు. అమెరికన్‌ సైకియాట్రిక్‌ అసోసియేషన్‌ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5లో పది పర్సనాలిటీ డిజార్డర్లు ఉన్నాయి. వాటిలో నార్సిసిస్టిక్‌ డిజార్డర్‌ అని చెప్పాలంటే తొమ్మిది గుర్తుల్లో కనీసం ఐదు ఉండాలి. అవి యుక్తవయసు నాటికే మొదలై, ఇంట్లోనూ బయటా కనిపిస్తూ జీవితాన్ని ఇబ్బంది పెడుతుండాలి. సైకోపతీకి అందులో విడిగా చోటే లేదు. దానికి దగ్గరగా ఉండే యాంటీసోషల్‌ పర్సనాలిటీ డిజార్డర్‌ని 18 ఏళ్లలోపు వారికి నిర్ధారించకూడదు. కాబట్టి రీల్‌ చూసో, పది ప్రశ్నల క్విజ్‌ రాసో తేల్చే విషయం కాదిది. అది సైకియాట్రిస్టులు, క్లినికల్‌ సైకాలజిస్టుల పని.

మీరేం చేయొచ్చు?

* మాటలు కాదు, తీరు చూడండి. సెక్యూరిటీ గార్డుతో, హౌస్‌కీపింగ్‌ అక్కతో ఎలా మాట్లాడుతున్నారు? మీరు ఒక్కసారి ‘కుదరదు’ అంటే ఎలా మారుతున్నారు?
* పనిని రాతలో ఉంచండి. ఎవరు ఏం చేశారో మెయిల్‌లో ఉంటే వాదనే అవసరం లేదు.
* అప్పు, పాస్‌వర్డ్, ఇంటి గుట్టు.. ఈ మూడూ తొలి పరిచయంలోనే చేతిలో పెట్టేయకండి.
* ఒంటరిగా నలిగిపోవద్దు. నమ్మకమున్న మరో సీనియర్‌కో, హెచ్‌ఆర్‌కో జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ఆయన అలాంటివాడు’ అనకుండా ‘ఫలానా రోజు ఇలా చేశారు’ అనండి.
* నిద్ర, తిండి దెబ్బతినేదాకా వస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

అది నేనే అయితే?

ఇప్పటిదాకా చదువుతూ ఎక్కడో గతుక్కుమన్నారా? కంగారు పడకండి, అలా అనిపించడం మంచి సంకేతమే. అమెరికాలో నాథన్‌ హడ్సన్‌ 2023లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు నెలల పాటు ఎదుటివారితో మంచిగా ఉండే చిన్న చిన్న పనులను సాధన చేసినవారిలో ఈ చీకటి లక్షణాలూ కొంత తగ్గాయి. మీరూ ఈ వారమే మొదలుపెట్టండి. మీటింగ్‌లో ‘ఇది నా జూనియర్‌ చేసిన పని’ అని ఒక్కసారి పైకి చెప్పండి. రేపు మీరూ ఎవరికో ‘అన్నా’, ‘అక్కా’ అవుతారు. ఏడో మీటింగ్‌ తర్వాత కూడా వాళ్లు మిమ్మల్ని అలాగే పిలవాలి కదా!